నోరున్న మెషీను

ఈ లోయలో నా అంత అసూయ లేని మనిషి పుట్టలేదు. పుట్టినా బతికి బట్టకట్టలేదు. నాణెం వేసి మీట నొక్కితే డబ్బా రాల్చే మెషీన్లు ఉంటాయి చూశారూ, వాటికి సరుకు నింపడం, ఒళ్ళు తుడవడం, మొరాయిస్తే నాలుగు తగిలించి దారికి తేవడం నా పని. పైన కనుమ సొరంగం మొదలుకొని కింద చేపల రేవు దాకా నా చెయ్యి పడని మెషీను లేదు. పక్క కంపెనీవాడి లారీ కొత్తదనో, వాడి మెషీను ముందు జనం మూగారనో నా కడుపులో ఏనాడూ చిటికెడు మంట లేవలేదు. వాన నా మడి వదిలేసి ఎదుటివాడి మడిలోనే కురిసినా, గట్టు మీద కూర్చుని ఆ చప్పుడు విని సంతోషించే రకాన్ని. పేరు గెన్‌జో. మా కొండకింది బడిలో ఆరో తరగతి దాకా చదివాను. అబద్ధమాడటం మాత్రం ఇంట్లోనే నేర్చుకున్నాను.

మెషీను గురించి జనానికి తెలియని రహస్యం ఒకటి చెబుతాను. దాని అందమంతా ముందుంటుంది గానీ సుఖమంతా వెనకుంటుంది. లోపల డబ్బాల్ని చల్లబరిచి, ఆ వేడినంతా వీపులోంచి వదులుతుంది. గోడకూ దానికీ మధ్య సందులో దూరితే కుంపటి పక్కన కూర్చున్నట్టే. ఒక ఏడు మంచు కరెంటు తీగల్ని దాటి కురిసింది. కనుమ మీది నా మెషీను ఎక్కడుందో తెలియక, మంచుకు చెవి ఆనించి, దాని గురక వింటూ తవ్వుకుంటూ పోయాను. దొరికింది. తీరా చూస్తే గురక మెషీనుది కాదు, వెనక సందులో పడుకున్న ఎలుగుబంటిది. లేపడం ఎందుకని మునివేళ్ళ మీద నిలబడి సరుకు నింపి వచ్చేశాను. వసంతంలో అది లేచి పోతూ పోతూ మెషీను మీది దుమ్మంతా నాకి పోయింది. అద్దంలా ఉంది. నమ్మనివాళ్ళు వెళ్ళి ఎలుగునే అడగవచ్చు.

ఇక అసలు కథ. మా ఊళ్ళో కొంగల స్నానశాల అని ఒకటుంది. చలికాలం సాయంత్రమయితే ఊరంతా అక్కడే, వేడినీళ్ళ తొట్టిలో మెడ దాకా మునిగి ఉంటుంది. దాన్ని నడిపేది మిసావో. భర్త పోయాక తనే కట్టెలు పేరుస్తుంది, తనే నేల పలకలు తోముతుంది, గుమ్మంలో ఎత్తు పీట మీద తనే కూర్చుంటుంది. ఆ పీట మీద నుంచి ఇటు మగవాళ్ళ వైపూ అటు ఆడవాళ్ళ వైపూ రెండూ కనిపిస్తాయి. నేనూ ఆవిడా బడిలో ఒకే బల్ల మీద కూర్చున్నాం. ఆవిడ లెక్కలు చేసేది, నేను చూసి రాసేవాణ్ణి. అందుకే ఊరంతా ఆవిడని గారు అంటుంది గానీ మా ఇద్దరి మధ్యా నువ్వు అనే పిలుపే.

మా లోయలో ఒక ఆచారం ఉంది. తొట్టిలోంచి లేచి బయటికొచ్చిన ప్రతివాడూ "నీళ్ళు బాగున్నాయి" అనాలి. విన్నవాడు "ఒళ్ళు చల్లారనివ్వకు" అనాలి. ఇద్దరి మధ్యా పొలం గట్టు తగవు ఉండనీ, కోర్టులో వ్యాజ్యం ఉండనీ, జవాబు చెప్పాల్సిందే. పామును తొక్కి పరిగెత్తేవాడు కూడా ఒక్క క్షణం ఆగి, ఆ జవాబు చెప్పి మరీ పరిగెడతాడు. అది మా నాలుక మీద పుట్టుమచ్చ లాంటిది.

స్నానశాల గుమ్మం పక్కన ఎన్నో ఏళ్ళుగా నా మెషీను ఒక్కటే నిలబడి ఉండేది. నేను సరుకు నింపి తలుపు మూసి తాళం తిప్పిన చప్పుడు వినగానే మిసావో పీట దిగకుండానే కేకేసేది. "గెన్‌జో, టీ పెట్టాను." లోపలికి వెళితే టీతోపాటు అంచు విరిగిన నీలం పళ్ళెం. ఆ అంచు విరగ్గొట్టింది నేనే. అందులో ఉప్పులో, ఆవపిండిలో ఊరేసిన బుల్లి గుండ్రటి వంకాయలు, తొడిమలతో సహా. దాన్ని పట్టుకొచ్చి, ఖాళీ పెట్టె బోర్లించి, నా మెషీను పక్కనే కూర్చుని తినేవాణ్ణి. ఆ పళ్ళెంలో ఇంకొకడు చెయ్యి పెట్టగా నేను చూడలేదు.

చూడాల్సి వచ్చింది. ఆ వేసవిలో కనుమ అవతలి నుంచి ఇగరాషి అనేవాడు దిగాడు. వేరే కంపెనీ. నా మెషీను పక్కనే ఇంకోటి పెట్టాడు, మధ్యలో ఆకు దూరనంత దగ్గరగా. ఎర్రగా, పొడుగ్గా, పెళ్ళిపందిరిలా వెలుగుతూ. నా మెషీను దాని పక్కన ఇంటెనక నిలబడ్డ ముసలి బావమరిదిలా కనబడింది. వాడు చేతులకు తెల్ల తొడుగులు వేసుకుంటాడు. సరుకు నింపి, తలుపు మూసి, రెండడుగులు వెనక్కి వేసి మెషీనుకు నడుము వంచి దండం పెడతాడు.

"ఏం బాబూ, దండాలు పెడుతున్నావు? వరాలిస్తుందా అది?" అన్నాను.

"ఏం చెయ్యను గురువుగారూ," అన్నాడు వాడు నవ్వుతూ. "తన్ని పని చేయించే విద్య మీకొచ్చు. నాకు దండం ఒక్కటే వచ్చు."

లోపలి నుంచి మిసావో నవ్వింది. ఆ నవ్వు నాకు తెలుసు. బడిలో నేను పలక పగలగొట్టుకున్నప్పుడు నవ్వేది. కాసేపటికి తనే బయటికి వచ్చింది. చేతిలో నీలం పళ్ళెం. అంచు విరిగినది. అందులో రెండు వంకాయలు. నేరుగా వెళ్ళి వాడి చేతికిచ్చింది.

"కనుమ దాటి వచ్చావు, ఆకలేస్తుంది. తిను బాబూ."

ఇప్పుడు మొదట్లో నేనన్న మాట ఒకటుంది కదా, నాకు అసూయ లేదని. దాన్ని తడిగుడ్డ పెట్టి తుడిచెయ్యండి. ఆ పూట నా కడుపులో లేచిన మంట మీద మిసావో తొట్టి నీళ్ళు కాగేవి, కట్టెలు మిగిలేవి. వాడు వంకాయ కొరికిన చప్పుడు నాకు ఇంటిదాకా వినిపించింది. రాత్రి మా ఆవిడ ఫొటో ముందు దీపం పెడుతూ, "చూశావా, నా పళ్ళెం పోయింది," అన్నాను. బతికుంటే తనూ నవ్వేదే.

గోరుచుట్టు మీద రోకటిపోటు అన్నట్టు, ఆకులు పండే వేళకు మంచు ఊడ్చే బండి కొత్తది వచ్చింది. వెడల్పాటిది. మా సందేమో ఇరుకు. స్నానశాల ముందు ఒక్క మెషీనే ఉండాలి, రెండోది తీసెయ్యాలి, ఏది ఉండాలో మొదటి మంచు పడేలోగా మిసావో గారు తేల్చాలి అని ఊరి పెద్దలు చెప్పిపోయారు.

"దేన్నుంచుతావు?" అని అడిగాను, అడగనట్టు అడుగుతూ.

"నాదేముంది? నీళ్ళలోంచి వచ్చేవాళ్ళు దేని దగ్గర ఆగితే అదే ఉంటుంది," అంది తువ్వాళ్ళు మడతపెడుతూ.

అప్పటి నుంచి నా పని మెషీనుకు సరుకు నింపడం కాదు, ఎవడు ఎటు ఆగుతున్నాడో కాపలా కాయడం. మంగలి ఇగరాషి మెషీను వైపు ఆగాడు. ఆ నెల నేను జుట్టు కత్తిరించుకోలేదు. 

చలి మొదలవగానే మేమిద్దరం ఒకే రోజు మెషీన్లను వేడికి మార్చాం. మార్చడమంటే కింది వరసలో చల్లటి డబ్బాలు తీసేసి మొక్కజొన్న సూపూ, కాఫీ పెట్టి, మీట వేడి వైపు తిప్పి, నీలం పట్టీ పీకి ఎర్ర పట్టీ అతికించడం. నేను ముందు పూర్తి చేశాను. తల తిప్పి వాడి వంక చూశాను, గెలిచినవాడిలా. వాడు మెల్లగా తలుపు మూసి, దండం పెట్టి, ఒక నాణెం వేశాడు.

"రండి రండి! చలికాలం వచ్చేసింది కదండీ! వెచ్చవెచ్చగా ఏదైనా పుచ్చుకోండి!"

మెషీను మాట్లాడింది. ఆడగొంతు, పట్నం గొంతు, పాకంలో ముంచి తీసినట్టుంది. అప్పుడే చేపల బుట్ట వీపున మోసుకుంటూ వస్తున్న ఓతోమె అవ్వ ఆగిపోయింది. బుట్ట దింపి మెషీనుకు వంగి దండం పెట్టింది.

"అయ్యో తల్లీ, లోపల ఇరుగ్గా లేదూ నీకు?"

ఆ సాయంత్రమే వాడి మెషీను ముందు జనం. కొనేవాళ్ళు కొంటున్నారు, మాట వినడానికి వచ్చినవాళ్ళు ఇంకొకడి చేత కొనిపిస్తున్నారు. నాది గుడ్లప్పగించి నిలబడింది.

"పాపం, పలకరిస్తుంది కదా, ముసలివాళ్ళకు కాలక్షేపం," అంది మిసావో. "నీదీ ఉంది ఎందుకు, నీలాగే మూతి ముడుచుకుని."

ఆ మాట నాకు వంకాయ కంటే ఎక్కువ గుచ్చుకుంది.

దాని లోపం ఏదో కనిపెడదామని, ఎవరూ లేనప్పుడు నేనే వెళ్ళి వాడి మెషీనులో నాణెం వేశాను. "ధన్యవాదాలండీ, మళ్ళీ రండి!" అంది. "చచ్చినా రాను," అన్నాను. మర్నాడు మళ్ళీ వెళ్ళాను. సూపు తాగి, ఖాళీ డబ్బా వాడి మెషీను పక్క చెత్తబుట్టలో వేస్తే వాడికి అమ్మకం తెలిసిపోతుందని నా బుట్టలో వేశాను. వాడి కళ్ళు ఎక్కడైనా ఉంటాయి.

"గురువుగారూ, మీ బుట్టనిండా మా డబ్బాలే ఉన్నాయే! మీ దగ్గరకొచ్చి తాగుతున్నారా ఏంటి జనం?"

"గాలికి కొట్టుకొచ్చి ఉంటాయి."

"గాలి మొక్కజొన్న సూపే తాగుతుందా అండీ?"

ఆ రోజే నిర్ణయించుకున్నాను, నా మెషీను కూడా మాట్లాడాలి అని. పాతది, దానికి గొంతు అమర్చే చోటు లేదు. కానీ వెనక సందు ఉంది. ఎలుగుకు చాలిన చోటు నాకు చాలదా? వీపు వైపు ఫ్యాను శుభ్రం చేస్తున్నానని చెప్పి పక్క నుంచి ముందు నిలబడ్డవాళ్ళు కనిపించేలా మెషీనును కాస్త ముందుకు లాగాను. దిండు ఒకటి తెచ్చుకున్నాను. చీకటి పడే వేళకు సందులోకి పాక్కుంటూ వెళ్ళి, మోకాళ్ళు గడ్డానికి ఆనించి కూర్చున్నాను. వెచ్చగా ఉంది. ఎలుగు తెలివి మెచ్చుకున్నాను.

మొదట దొరికింది ఓతోమె అవ్వే. నాది ఎందుకు నొక్కిందంటే, అటువైపు వరస పొడుగ్గా ఉంది.

"ఓతోమె అవ్వా," అన్నాను ముక్కుతో, సన్నగా. "ఈ వేళ కానాగంత చేపలు అమ్ముడుపోయాయా?"

బుట్ట ధబ్బున కిందపడింది. "అమ్మ బాబోయ్! దీనికి నా పేరు తెలుసు!"

"ఆ తీపి కాఫీ నొక్కకు. నీకు షుగరు. పక్కన టీ ఉంది, అది నొక్కు. మోకాలికి ఆవనూనె రాశావా నిన్న?"

"మరిచిపోయానమ్మా," అంది అవ్వ ఏడుపు గొంతుతో. నాకు దండం పెట్టింది. అంటే మెషీనుకు.

వారం తిరక్కుండా జనం అంతా ఇటు తిరిగారు. వాడిది ఎవడొచ్చినా అదే పాట పాడుతుంది. నాది పేరు పెట్టి పిలుస్తుంది, ఇంటి సంగతి అడుగుతుంది. ఆవును కొనాలా వద్దా అని ఒకడు, కోడలు అలిగి పుట్టింటికి పోయిందని ఒకడు. అన్నిటికీ చెప్పాను. ఏడూళ్ళ నుంచి వచ్చారు, బస్సువాళ్ళు ఇంకో బండి వేశారు. డబ్బాలు అయిపోతే నేనే వెనక నుంచి బయటపడి, ముందుకొచ్చి నింపి, ఏమీ ఎరగనట్టు మళ్ళీ వెనక్కి వెళ్ళేవాణ్ణి.

ఇగరాషి మొహంలో నవ్వు పోయింది. వాడు తన మెషీను తెరిచి గొంతు పెద్దది చేశాడు. "రండి రండి!" అని అది సందు దద్దరిల్లేలా అరిచింది.

"పాపం, పక్కింటి పిల్లకు జలుబు చేసినట్టుంది," అంది నా మెషీను. "ఎవరైనా కాస్త అల్లం టీ పట్టండి."

జనం విరగబడి నవ్వారు. నా జన్మలో అంత తియ్యటి సందులో నేను కూర్చోలేదు. ఒక్కటే వెలితి, మిసావో మాత్రం నవ్వలేదు. పీట మీద కూర్చుని మెషీను వంకే చూస్తోందని సందులోంచి కనిపించింది.

మొదటి మంచు రేకులు పడుతున్న సాయంత్రం అది. అందరూ ఉన్నారు. ఇగరాషి కూడా చేతులు కట్టుకుని నిలబడ్డాడు. ఆ రోజే తేల్చాలి. నేను సందులో దిండు మీద ఉన్నాను.

మిసావో పీట దిగింది. ఆ వేళప్పుడు ఆవిడ పీట దిగడం ఎవరూ ఎరగరు. మెడ చుట్టూ తువ్వాలు, బుగ్గలు ఎర్రగా, జుట్టులోంచి ఆవిరి. ఎప్పుడూ అందరూ వెళ్ళాక ఒంటరిగా స్నానం చేసే మనిషి, ఆ రోజు జనం ఉండగానే మునిగి వచ్చింది. నా మెషీను ముందుకొచ్చి నిలబడింది. నాణెం వెయ్యలేదు. మీట నొక్కలేదు. నెమ్మదిగా అంది.

"నీళ్ళు బాగున్నాయి."

"ఒళ్ళు చల్లారనివ్వకు మిసావో," అన్నాను.

ముక్కుతో కాదు. నా సొంత గొంతుతో, బడిలో బల్ల మీద నుంచి పిలిచిన గొంతుతో.

మాట నోట్లోంచి జారాక గాని తెలియలేదు. ఊరంతా ఆవిడకే చెప్పి వెళ్ళేది, ఆవిడే అందరికీ జవాబిచ్చేది. ఆ మాట ఆవిడ ఒకరికి చెప్పి, జవాబు వినడం నాకు తెలిసి అదే మొదలు. మెషీను పక్కకు వంగి చూసింది. తర్వాత అంది.

"గెన్‌జో, ఇక బయటికి రా. మోకాళ్ళు పట్టేసి ఉంటాయి."

పట్టేశాయి. ఎటూ కదల్లేదు. చివరకు ఇగరాషి సందులోకి చేతులు పెట్టి, నా చంకలు పట్టుకుని లాగాడు, బావిలోంచి బిందెను తీసినట్టు. వాడి తెల్ల తొడుగులు బూజుతో నల్లబడ్డాయి. అదొక్కటే నాకు ఆ పూట దక్కిన సంతోషం.

"అయితే నా షుగరు సంగతి ఊరందరి ముందూ వాగింది వీడా!" అని అరిచింది ఓతోమె అవ్వ. "నేను దండం పెట్టింది ఈ గెన్‌జోగాడికా! ఒరేయ్, నా దండం నాకు తిరిగిచ్చెయ్!"

వంగి దండం పెట్టాను. లెక్క తేలిపోయింది అనుకున్నాను, కానీ మోకాళ్ళ వల్ల మళ్ళీ లేవలేకపోయాను. అలా వంగే తీర్పు విన్నాను.

"ఇగరాషీ," అంది మిసావో, "నీ మెషీను నోరు మూయించడానికి లోపల మీట ఏమైనా ఉందా?"

"ఉందండీ. తిప్పితే చాలు."

"మరి గెన్‌జోకి?"

"వెతికితే దొరుకుతుందేమోనండీ," అన్నాడు వాడు.

"నేను ఒకటో తరగతి నుంచి వెతుకుతున్నాను బాబూ, దొరకలేదు. బయట నీదే ఉండనివ్వు. గొంతు మాత్రం వద్దు. నేను రోజంతా ఇక్కడ కూర్చుని అందరితో మాట్లాడుతూనే ఉన్నానా? గుమ్మం అవతల ఇంకొకళ్ళు మాట్లాడుతుంటే నా మాట ఎవరు వింటారు?"

ఆ క్షణంలో నాకు తెలిసింది, ఈ సందులో కుళ్ళుకున్నది నేనొక్కణ్ణే కాదని. కానీ చోటు పోయింది. అన్నేళ్ళు నిలబడ్డ చోటు. అడిగాను. "మరి నాది?"

"నోరున్నవాళ్ళు నా కళ్ళ ముందుండాలి. లోపల పెట్టు. ఆడవాళ్ళ వైపు."

"ఆడవాళ్ళ వైపా!"

"మగవాళ్ళ వైపు చోటు లేదు. గోడకు ఆనించి పెట్టు. వెనక పిల్లి కూడా దూరకూడదు."

జనం నవ్విన నవ్వుకు చూరు మీది మంచు జారి ఇగరాషి నెత్తిన పడింది.

అలా నా మెషీను లోపలికి చేరింది. వేడి తొట్టిలోంచి లేచినవాళ్ళకు వేడి ఎందుకు? చలికాలమయినా చల్లటి పాలకాఫీయే తాగుతారు. అందుకని దానికి ఇప్పుడు ఎర్ర పట్టీ లేదు, అంతా నీలమే. ఆడవాళ్ళ వైపు కాబట్టి జనం వచ్చాక నేను అడుగు పెట్టకూడదు. పొద్దున, తలుపులు తెరవకముందే వెళ్ళి నింపాలి. ఆ వేళకు అక్కడ పలకలు తోముతూ మిసావో ఒక్కతే ఉంటుంది. ఆవిడ తొట్టిలో చెయ్యి ముంచి చూసి, చెయ్యి దులుపుకుంటూ, "నీళ్ళు బాగున్నాయి," అంటుంది. ఎవరూ లేరు కాబట్టి జవాబు నేనే చెప్పాలి.

బయట ఇగరాషి తన మెషీను ముందు మంచు ఊడుస్తూ ఉంటాడు. గుమ్మం అద్దంలోంచి మా టీ కనిపిస్తుంది. నీలం పళ్ళెం కూడా.

"గురువుగారూ," అన్నాడొక రోజు, ముక్కు ఎర్రగా చేసుకుని. "లోపల వెచ్చగా ఉంటుందా అండీ?"

ఆ మాటలో ఉన్న మంట నాకు కొత్తది కాదు. అది నా మంటే, చేతులు మారింది. జాలేసింది. కొంచెమే.

"ఏముంటుంది బాబూ," అన్నాను. "ఒళ్ళు చల్లారనివ్వకు."

ఇదంతా నిజమేనా అని అడుగుతారు మీరు. ఎలుగు నిజమే. ఏడూళ్ళ జనం నిజమే. బస్సువాళ్ళు ఇంకో బండి వేసింది కూడా. సందులో దిండు ఇప్పటికీ మా ఇంట్లో ఉంది, కావాలంటే ఫ్యాను మరకలు చూసుకోండి. కల్పించింది ఒక్కటే. ఆ మొదటి రోజు ఇగరాషి పళ్ళెంలో రెండు వంకాయలు అన్నాను కదా. మూడు. నాకెప్పుడూ రెండే పెట్టేది. అందుకని ఆ మూడోదాన్ని నేను కథలోకి రానివ్వలేదు.